డెబియన్ మిర్రర్ పెట్టాలంటే: డిస్కు కొనే ముందు నుంచి సర్వర్ ఆపేసే రోజు దాకా

డెబియన్ అనే లినక్స్ సిస్టమ్ ప్యాకేజీల (ప్రోగ్రామ్ ఫైళ్ల) కాపీని పంచిపెట్టే సర్వర్‌ను మిర్రర్ అంటారు. ఒక సర్వర్, కొన్ని టెరాబైట్ల డిస్కు, మంచి లైను ఉంటే డెబియన్ మిర్రర్ పెట్టేయవచ్చని చాలామంది అనుకుంటారు. పెట్టడం నిజంగానే పెద్ద పని కాదు. దాన్ని రోజూ తాజాగా ఉంచడమే అసలు పని. మీ మిర్రర్ అడ్రస్‌ను తన కంప్యూటర్‌లో పెట్టుకున్న మనిషికి మీరెవరో తెలియదు. పొద్దున్నే అప్‌డేట్ కొడతాడు, అన్నీ కొత్తవే ఉన్నాయని సిస్టమ్ చెబితే నమ్మి పనిలో పడతాడు. మీ సర్వర్ పది రోజుల కిందటే సింక్ (కొత్త ఫైళ్లు తెచ్చుకోవడం) ఆపేసి ఉంటే అతను నమ్మింది నిజం కాదు. అందుకే, పాతబడిన మిర్రర్ కంటే అసలు లేని మిర్రరే మేలని నా గట్టి అభిప్రాయం. పడిపోయిన సర్వర్ ఎర్రర్ చూపిస్తుంది, మనిషి ఇంకో చోటికి వెళ్తాడు. పాతబడిన సర్వర్ మాత్రం ఏమీ తెలియనివ్వదు.

ఇక్కడ చెప్పేవన్నీ డెబియన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఉబుంటుకో ఫెడోరాకో పెట్టాలనుకుంటే టూల్స్ మారతాయి, బాధ్యత మారదు.

## ముందుగా, మీకు మిర్రరే కావాలా?

కాలేజీ ల్యాబులో 60 సిస్టమ్‌లు ఉన్నాయి, సెమిస్టర్ మొదట్లో అన్నిటికీ అవే ప్యాకేజీలు ఎక్కించాలి, నెట్ ఏడిపిస్తోంది. మీ ఇబ్బంది ఇదే అయితే మిర్రర్ అక్కర్లేదు, ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ అనే ప్రాక్సీ చాలు. మొదటి సిస్టమ్ అడిగిన ఫైల్‌ను బయటి నుంచి తెచ్చి దాచుకుంటుంది, మిగతా 59కి లోపలి నుంచే ఇస్తుంది. కొద్దిపాటి డిస్కుతో సరిపోతుంది. బయటివాళ్లకు ఏ మాటా ఇచ్చినట్టు కాదు.

పబ్లిక్ మిర్రర్ విషయం వేరు. డెబియన్‌కు ఇప్పటికే ఫాస్ట్‌లీ అనే కంపెనీ నెట్‌వర్క్ మీద నడిచే డెబ్.డెబియన్.ఆర్గ్ అనే అడ్రస్ ఉంది, కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లలో చాలామంది దాన్నే వాడతారు. అలాంటప్పుడు ఇంకో మిర్రర్ ఎందుకంటే, కొన్నిచోట్ల దానివల్ల నిజమైన లాభం ఉంది. నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ మీద ఉన్న విద్యాసంస్థలు, వేలమంది విద్యార్థులున్న క్యాంపస్‌లు, దేశంలోని ట్రాఫిక్‌ను దేశంలోనే తిప్పగలిగే ఇంటర్నెట్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు ఈ కోవలోకి వస్తాయి. ఐఐటీ కాన్పూర్, ఐఐటీ మద్రాస్ మిర్రర్లు నడిపిన సంస్థలే. హైదరాబాద్‌లోనో విశాఖలోనో మీ సంస్థకు అంత లైను ఉండి, అందులో సగం రాత్రంతా ఖాళీగా ఉంటే ముందుకు వెళ్లండి.

## అడుగు 1: మనుషులు, ఆ తర్వాతే మెషీన్

మన కాలేజీల్లో మిర్రర్‌కు అసలు గండం డిస్కు పాడవడం కాదు, పెట్టిన కుర్రాళ్లు పాసై వెళ్లిపోవడం. మూడో ఏడాదిలో ఉత్సాహంగా పెడతారు, నాలుగో ఏడాదిలో ప్లేస్‌మెంట్ల టెన్షన్, ఆ తర్వాత బెంగళూరో డాలసో. సర్వర్ మీద పూర్తి అధికారమిచ్చే రూట్ పాస్‌వర్డ్ వాళ్లతోపాటే వెళ్లిపోతుంది. సర్వర్ మాత్రం ఒక మూల ఆన్‌లోనే ఉంటుంది.

కాబట్టి డిస్కు కొటేషన్ తెప్పించే ముందే కొన్ని విషయాలు తేల్చుకోండి. కనీసం ఇద్దరు బాధ్యులు ఉండాలి, వాళ్లలో ఒకరు పర్మినెంట్ స్టాఫ్ అయి ఉండాలి. సంప్రదించాల్సిన ఈమెయిల్ వ్యక్తిది కాకుండా పదవిది కావాలి, దానికి వచ్చే మెయిల్ ఇద్దరికీ వెళ్లాలి. డొమైన్ సంస్థ పేరు కింద ఉండాలి. ఎవరో సొంత కార్డుతో కొన్న డొమైన్ రెన్యూవల్ మర్చిపోతే రేపు దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు, అప్పుడు మీ పాత యూజర్లంతా వాళ్ల సర్వర్ తలుపు తడతారు. డిస్కు పోతే ఏ బడ్జెట్‌లోంచి కొత్తది వస్తుందో కూడా ముందే రాయించుకోండి. ఇవన్నీ ఒక్క పేజీలో రాసి, సర్వర్‌లో కాకుండా డిపార్ట్‌మెంట్ ఫైల్లో పెట్టండి. సర్వరే బూట్ కానప్పుడు అందులో ఉన్న సూచనలు ఎవరికి పనికొస్తాయి?

## అడుగు 2: డిస్కు, లైను

అన్ని ఆర్కిటెక్చర్లూ (ప్రాసెసర్ రకాలు) సోర్సూ (ప్రోగ్రామ్‌ల మూల కోడ్) కలిపితే డెబియన్ ఆర్కైవ్, అంటే ఫైళ్ల నిల్వ మొత్తం, కొన్ని టెరాబైట్లు ఉంటుంది, రిలీజ్ రిలీజ్‌కూ పెరుగుతుంది. డెబియన్ సైట్‌లోని మిర్రర్ సైజు పేజీలో ఆర్కిటెక్చర్ల వారీగా లెక్క దొరుకుతుంది. ఆ అంకె చూసి సరిగ్గా అంతే డిస్కు కొనకండి, దానిమీద కనీసం సగం అదనంగా ఉండాలి. సింక్‌లో కొత్త ఫైళ్లు ముందు వచ్చి చేరతాయి, పాతవి చివర్లో పోతాయి, కాబట్టి కొంతసేపు రెండూ డిస్కు మీదే ఉంటాయి. మధ్యలో డిస్కు నిండితే సింక్ సగంలో ఆగుతుంది.

చోటు తక్కువైతే ఆర్కిటెక్చర్లు తగ్గించుకోవచ్చు. మన దగ్గర ఎక్కువగా అడిగేవి ఏఎండీ64 (మామూలు ఇంటెల్, ఏఎండీ పీసీలవి), ఆర్మ్64 (ఆర్మ్ ప్రాసెసర్లవి). సోర్స్ ప్యాకేజీలను మాత్రం వదిలేయకండి. జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ప్రకారం బైనరీ (నడపడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్) పంచిపెట్టేవాళ్లు దాని సోర్స్ కూడా అందుబాటులో ఉండేలా చూడాలి. బైనరీ పక్కనే సోర్స్ కూడా మీ సర్వర్ మీద ఉంటే ఆ బాధ్యత తీరినట్టే.

లైను లెక్క సులభం. 100 ఎంబీపీఎస్ లైను 24 గంటలూ నిండుగా పారితే రోజుకు సుమారు 1.08 టీబీ, 1 జీబీపీఎస్ అయితే 10.8 టీబీ. ఆ లైనులో ఆన్‌లైన్ పరీక్షలూ హాస్టల్ వైఫైయీ నడుస్తుంటే మిర్రర్‌కు ఎంత వాటా ఇస్తారో నెట్‌వర్క్ వాళ్లతో ముందే మాట్లాడి రాతలో పెట్టుకోండి. లేకపోతే ఏదో ఒక పరీక్షల సీజన్లో చెప్పాపెట్టకుండా పోర్టు మూసేస్తారు.

ర్యామ్ దగ్గర పిసినారితనం వద్దు. సింక్ జరిగిన ప్రతిసారీ లక్షల ఫైళ్ల పేర్లు, సైజులు, తేదీలు చదవాలి. ఆ సమాచారం మెమరీలో నిలిస్తే పని తొందరగా అవుతుంది, లేకపోతే హార్డ్ డిస్కు గంటలకొద్దీ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది.

## అడుగు 3: ఎవరి దగ్గర నుంచి తెచ్చుకోవాలి

ఆర్‌సింక్ (మారిన ఫైళ్లనే తెచ్చే కాపీ టూల్) సదుపాయం ఇచ్చే మిర్రర్లలో మీకు నెట్‌వర్క్ పరంగా దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోండి. మీకు కావాల్సిన ఆర్కిటెక్చర్లన్నీ దాని దగ్గర ఉండాలి. ఒకే పేరు వెనుక చాలా సర్వర్లు వంతులవారీగా పలికే అడ్రస్‌ల జోలికి వెళ్లకండి. ఒక సింక్‌లో ఒక సర్వర్, తర్వాతి సింక్‌లో దానికంటే కాస్త వెనకబడిన ఇంకో సర్వర్ పలికితే మీ ఆర్కైవ్ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఎంచుకున్న మిర్రర్ (ఇకపై దీన్ని పైసర్వర్ అందాం) నిర్వాహకులకు ఒక మెయిల్ రాసి చెప్పి మొదలుపెట్టడం మర్యాద.

## అడుగు 4: సింక్

మిర్రర్ నమ్మకం మొత్తం ఈ అడుగు మీదే నిలబడుతుంది, కాబట్టి కాస్త తీరిగ్గా చదవండి.

డెబియన్ ఆర్కైవ్‌లో ముఖ్యమైన డైరెక్టరీలు రెండు. 'పూల్'లో అసలు ప్యాకేజీలుంటాయి. 'డిస్ట్స్'లో వాటి జాబితాలుంటాయి. జాబితాలో వీఎల్‌సీ ఎంట్రీ తెరిచి చూస్తే పేరు, వెర్షన్, దానికి కావాల్సిన ఇతర ప్యాకేజీలు, పూల్‌లో ఫైల్ ఎక్కడుందో చెప్పే దారి, బైట్లలో సైజు, చివర్లో 64 అక్షరాల ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్ వేలిముద్ర లాంటిది) కనిపిస్తాయి. ఆ జాబితా ఫైల్ హ్యాష్ 'రిలీజ్' ఫైల్లో ఉంటుంది. రిలీజ్ ఫైల్ మీద డెబియన్ డిజిటల్ సంతకం ఉంటుంది. ఒక్క బైట్ మారినా ఈ గొలుసు తెగుతుంది, యూజర్ కంప్యూటర్‌లో ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్ ప్రోగ్రామ్ ఆ ఫైల్‌ను ఒప్పుకోదు.

ఇప్పుడు మామూలు ఆర్‌సింక్ కమాండ్ ఒక్కటి రాసి, వేళకు పనులు నడిపే క్రాన్‌లో పెట్టారనుకుందాం. ఆర్‌సింక్ ఇంగ్లిష్ అక్షర క్రమంలో నడుస్తుంది, డిస్ట్స్ ముందు, పూల్ తర్వాత. అంటే జాబితా కొత్తది వచ్చేస్తుంది, అందులో చెప్పిన ప్యాకేజీలు ఇంకా దారిలోనే ఉంటాయి. వంట కాకముందే హోటల్ బోర్డు మీద మెనూ రాసేసినట్టు. ఆ మధ్యలో వచ్చిన ప్రతి యూజర్‌కూ ఫైల్ దొరకలేదన్న ఎర్రరే గతి. లైను నెమ్మదిగా ఉంటే ఆ పరిస్థితి గంటల తరబడి సాగుతుంది.

దీనికోసమే డెబియన్ వాళ్లు ఎఫ్‌టీపీసింక్ అనే స్క్రిప్టు ఇస్తారు. డెబియన్‌లో ప్యాకేజీగానే దొరుకుతుంది. అది పనిని రెండు దశలుగా చేస్తుంది. మొదటి దశలో జాబితాలు తప్ప మిగతా కొత్త ఫైళ్లన్నీ తెస్తుంది, దేన్నీ తీసేయదు. రెండో దశలో జాబితాలు తెచ్చి, వాటిని ఒక్కసారిగా మార్చి, చివర్లో పాత ఫైళ్లను తొలగిస్తుంది. ఇలా చేస్తే యూజర్ ఏ క్షణాన వచ్చినా, జాబితాలో ఉన్న ప్యాకేజీ పూల్‌లో ఉంటుంది. ఒకసారికి తొలగించే ఫైళ్లకు 40,000 అనే పరిమితి కూడా అందులోనే ఉంది. పైనున్న మిర్రర్ డిస్కు పోయి అక్కడ ఖాళీ డైరెక్టరీ కనిపించినా, మీ ఆర్కైవ్ మొత్తం ఒక్క దెబ్బకు ఊడ్చుకుపోదు. ఇంత ఆలోచించి రాసిన స్క్రిప్టు చేతిలో ఉండగా సొంతంగా రాసుకోవడంలో అర్థం లేదు.

సెట్టింగ్స్ ఫైల్లో మీరు నింపాల్సినవి కొన్నే: మీ మిర్రర్ పూర్తి పేరు, ఫైళ్లు ఎక్కడ పెట్టాలి, పైసర్వర్ పేరు, వదిలేసే ఆర్కిటెక్చర్లు, లాగ్ మెయిల్ ఎవరికి వెళ్లాలి, నిర్వాహకుల వివరాలు. ఆ లాగ్ మెయిల్‌ను స్పామ్‌లోకి పోనివ్వకండి.

డెబియన్ ఆర్కైవ్ రోజుకు 4 సార్లు మారుతుంది, మీరూ రోజుకు 4 సార్లు సింక్ చేయాలి. క్రాన్‌లో సరిగ్గా గంట కొట్టే నిమిషం పెట్టకండి, లోకమంతా అదే నిమిషానికి పైసర్వర్ మీద పడుతుంది. 17వ నిమిషమో 43వ నిమిషమో పెట్టుకోండి. ఇంకా మంచి పద్ధతి పుష్: పైసర్వర్ తన సింక్ పూర్తికాగానే ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా మీ సర్వర్‌ను తట్టి లేపుతుంది. అందుకు ఇచ్చే కీకి సింక్ స్క్రిప్టు నడపడం తప్ప ఇంకే అధికారమూ ఉండకూడదు. ఏ ఐపీ నుంచి రావాలో కూడా కట్టడి చేయండి.

## అడుగు 5: వెబ్ సర్వర్

ఇంజిన్‌ఎక్స్ కానీ అపాచీ కానీ, మీకు బాగా తెలిసినదే వాడండి. ఆర్కైవ్ మీ అడ్రస్ తర్వాత '/డెబియన్/' అనే దారిలో మామూలు హెచ్‌టీటీపీ మీద దొరకాలి. హెచ్‌టీటీపీఎస్ కూడా ఇవ్వండి, అయితే హెచ్‌టీటీపీ మీద వచ్చినవాళ్లను బలవంతంగా అటు మళ్లించకండి. సర్టిఫికెట్లు లేని కనీస ఇన్‌స్టలేషన్లు అక్కడే ఆగిపోతాయి.

జీజిప్‌తో కుదించిన ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే పంపాలి. సర్వర్ వాటికి కంటెంట్ ఎన్‌కోడింగ్ హెడర్ తగిలిస్తే అవతలి ప్రోగ్రామ్ దారిలోనే విప్పేయవచ్చు, అప్పుడు హ్యాష్ కుదరదు. సగంలో ఆగిన డౌన్‌లోడ్ మళ్లీ అక్కడి నుంచే మొదలయ్యేలా రేంజ్ రిక్వెస్టులు పనిచేయాలి. ఊళ్లో కరెంటు పోయి, వచ్చాక మళ్లీ ప్రయత్నించేవాళ్లకు అది ఎంత పెద్ద ఉపకారమో చెప్పక్కర్లేదు.

ఒక్కో ఐపీకి ఇన్నే కనెక్షన్లని పరిమితి పెట్టేటప్పుడు జాగ్రత్త. మన దేశంలో మొబైల్ నెట్, చాలా ఫైబర్ కనెక్షన్లు వందలమందిని ఒకే పబ్లిక్ ఐపీ వెనుక ఉంచుతాయి. ఒక హాస్టల్ మొత్తం ఒకే ఐపీతో బయటికి వస్తుంది. మీరు ఒక మనిషిని ఆపుతున్నానని అనుకుంటారు, ఆగేది హాస్టల్.

ఇంకో చిక్కు సంస్థ ఫైర్‌వాల్‌తో వస్తుంది. డెబియన్‌లో క్లామ్ఏవీ-టెస్ట్‌ఫైల్స్ అనే ప్యాకేజీ ఉంది. యాంటీవైరస్ పనిచేస్తోందో లేదో చూడటానికి అందులో వైరస్‌లా కనిపించే, హాని చేయని ఫైళ్లుంటాయి. ఫైర్‌వాల్ దాన్ని చూసి బెదిరి, ప్యాకేజీ బదులు 'బ్లాక్ చేశాం' అనే వెబ్ పేజీ పంపుతుంది. 'మీరు మనిషేనా' అని అడిగే పేజీలదీ ఇదే బాధ, ఆప్ట్ దానికి జవాబు చెప్పలేదు. మిర్రర్ ఐపీని ఈ తనిఖీల నుంచి తప్పించమని నెట్‌వర్క్ వాళ్లకు చెప్పండి. ఆర్కైవ్‌లోని ఏ ఫైల్‌నీ మార్చకూడదు, ప్రకటనలు చేర్చకూడదు. సంస్థ పేరు, లోగో పైపేజీలో పెట్టుకుంటే చాలు.

## అడుగు 6: కాపలా

సంతకాలున్నాయి కదా, మిర్రర్ హ్యాక్ అయినా ఏమవుతుందని అడిగేవాళ్లున్నారు. ప్యాకేజీల వరకు ఆ మాట చాలావరకు నిజం. అయితే జనం మిర్రర్ల నుంచి ఐఎస్ఓలు (ఇన్‌స్టాల్ డిస్కు ఇమేజ్‌లు), ఇన్‌స్టాలర్లు కూడా దించుకుంటారు, వాటి చెక్‌సమ్ (హ్యాష్) సరిచూసేవాళ్లు తక్కువ. 2012 సెప్టెంబర్‌లో సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైట్‌కు చెందిన ఒక కొరియా మిర్రర్‌లో పీహెచ్‌పీమైఅడ్మిన్ అనే డేటాబేస్ టూల్ జిప్ ఫైల్‌లో దొంగదారి పెట్టారు, సుమారు 400 మంది దాన్ని దించుకున్నారు. 2017 మేలో హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో ప్రోగ్రామ్ రెండు డౌన్‌లోడ్ మిర్రర్లలో ఒకటి చొరబాటుకు గురైంది. 2వ తేదీ నుంచి 6వ తేదీ దాకా మ్యాక్ యూజర్లకు అసలు ప్రోగ్రామ్ బదులు ట్రోజన్ (మారువేషంలోని హానికర ప్రోగ్రామ్) వెళ్లింది. రెండుసార్లూ ప్రాజెక్ట్ తప్పు లేదు, పోయింది మిర్రర్.

కాబట్టి ఆ మెషీన్ మీద మిర్రర్ తప్ప ఇంకేమీ నడపకండి. కాలేజీ ఫెస్ట్ వెబ్‌సైట్, పాత వర్డ్‌ప్రెస్, పీహెచ్‌పీ ఏవీ దాని మీద ఉండకూడదు. సింక్ ఒక ప్రత్యేక యూజర్ కింద నడవాలి. వెబ్ సర్వర్‌కు ఆ ఫైళ్లను చదివే హక్కే ఉండాలి, రాసే హక్కు వద్దు. లాగిన్ కీతోనే, అదీ లోపలి నెట్‌వర్క్ నుంచే.

మిర్రర్ నడిపేవాళ్ల మీద లోకం ఎంత నమ్మకం పెడుతుందో 2008లో అరిజోనా విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. లేని కంపెనీ పేరుతో, అద్దె సర్వర్‌తో దరఖాస్తు చేస్తే డెబియన్, ఉబుంటు, ఫెడోరాతో సహా పలు డిస్ట్రిబ్యూషన్లు వాళ్లను మిర్రర్ల జాబితాలో చేర్చుకున్నాయి. సైనిక, ప్రభుత్వ కంప్యూటర్లు కూడా ఆ సర్వర్‌కు వచ్చాయి.

లాగ్స్ గురించి కూడా ఆలోచించాలి. ఏ ఐపీ నుంచి ఏ ప్యాకేజీ అడిగారో చూస్తే ఆ మెషీన్‌లో ఏ వెర్షన్ ఉందో, దాన్ని ఎలా దెబ్బతీయవచ్చో తెలిసిపోతుంది. అది ఎవరికీ ఇవ్వాల్సిన సమాచారం కాదు. అలాగని వెంటనే చెరిపేయడమూ కుదరదు. కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, ప్రభుత్వ సంస్థలు లాంటివి లాగ్స్‌ను 180 రోజులు భద్రపరచాలి, సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి. మీ సంస్థ దీని కిందికి ఎలా వస్తుందో మీ లీగల్ విభాగంతో తేల్చుకోండి. ఉంచాల్సినన్ని రోజులు తాళం వేసి ఉంచండి, ఆ తర్వాత ఒక్క రోజు కూడా దాచుకోకండి.

సెక్యూరిటీ అప్‌డేట్ల ఆర్కైవ్‌ను పబ్లిక్‌గా మిర్రర్ చేయకండి. అవి ఆలస్యం లేకుండా అందాలనే డెబియన్ దాన్ని విడిగా సొంత అడ్రస్‌లో నడుపుతోంది.

## అడుగు 7: జాబితాలో చేరడం, రోజూ చూసుకోవడం

రెండు మూడు వారాలు సింక్ ఏ తడబాటూ లేకుండా నడిచాక డెబియన్ సైట్‌లోని ఫారం నింపి నమోదు చేయించండి. మిర్రర్ల ప్రకటనల మెయిలింగ్ లిస్ట్‌లో పదవి ఈమెయిల్‌తో చేరండి. ఆర్కైవ్‌లో పెద్ద మార్పులు వచ్చే ముందు అందులోనే చెబుతారు.

సర్వర్ ఆన్‌లో ఉందా లేదా చూడటం పర్యవేక్షణ అనిపించుకోదు. 'ప్రాజెక్ట్/ట్రేస్' డైరెక్టరీలోకి వెళ్లండి. అక్కడ మీ మిర్రర్ పేరుతో ఒక ఫైల్, ఆర్కైవ్ మూల సర్వర్ పేరుతో ఇంకో ఫైల్ ఉంటాయి. మీ ఫైల్లో ఇవాళ్టి తేదీ ఉందని సంతోషించకండి, అది సింక్ నడిచిందని మాత్రమే చెబుతుంది. మూల సర్వర్ ఫైల్లోని తేదీని డెబియన్ దగ్గరున్న అదే ఫైల్‌తో పోల్చండి. మీ పైసర్వరే ఆగిపోతే మీ సింక్ రోజుకు 4 సార్లు విజయవంతంగా పాత సరుకే తెస్తుంది, ఆ సంగతి ఈ పోలికలోనే బయటపడుతుంది. తేడా 12 గంటలు దాటితే ఇద్దరు బాధ్యుల ఫోన్లూ మోగేలా అలర్ట్ పెట్టండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఎక్స్‌జెడ్ ఉదంతం గుర్తుచేసుకోండి. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని బయటపడింది. అవి అప్పటికే డెబియన్ అధికారిక విడుదలకు (స్టేబుల్) ముందరి శాఖలైన అన్‌స్టేబుల్, టెస్టింగ్‌లోకి వచ్చేశాయి. డెబియన్ వెంటనే పాత కోడ్‌కు తిప్పేసిన ప్యాకేజీ విడుదల చేసింది. మార్చి 27న సింక్ ఆగిపోయిన మిర్రర్ ఉండి ఉంటే, దాని మీద ఆ దొంగదారి ప్యాకేజీ సరైన డెబియన్ సంతకంతోనే దొరుకుతూ ఉండేది. టెస్టింగ్, అన్‌స్టేబుల్ రిలీజ్ ఫైళ్లకు వారం గడువు ఉంటుంది, అది దాటితే ఆప్ట్ ఒప్పుకోదు. స్టేబుల్ ప్రధాన ఆర్కైవ్ రిలీజ్ ఫైల్‌కు ఆ గడువు కూడా లేదు. అక్కడ యూజర్‌ను హెచ్చరించేది ఏదీ ఉండదు, మీ అలర్ట్ ఒక్కటే దిక్కు.

కొత్త స్టేబుల్ రిలీజ్ రోజున, 2025 ఆగస్టు 9న డెబియన్ 13 'ట్రిక్సీ' వచ్చినట్టు, సింకూ డౌన్‌లోడ్లూ ఒకేసారి ఎగబాకుతాయి. తేదీ ముందే ప్రకటిస్తారు. ఆ వారంలో డిస్కులు మార్చడం, స్విచ్‌లు మార్చడం పెట్టుకోకండి.

## మూసేయాల్సి వస్తే

నడపలేని స్థితి వస్తే మూసేయడం తప్పేమీ కాదు, చెప్పకుండా వదిలేయడమే తప్పు. ముందు డెబియన్ మిర్రర్ బృందానికి రాసి జాబితాలోంచి పేరు తీయించండి. మీ నుంచి సింక్ చేసుకునే మిర్రర్లు ఏమైనా ఉంటే వాళ్లకూ చెప్పండి. పేరు తీసేసినా యూజర్ల కంప్యూటర్లలో మీ అడ్రస్ అలాగే ఉంటుంది, కాబట్టి ఒకటి రెండు నెలలు సింక్ ఆపకుండా నడపండి. పైపేజీలో ముగింపు తేదీ, దానికి బదులు వాడాల్సిన అడ్రస్ రాయండి. ఆ తేదీన సింక్ ఒక్కటే ఆపి ఫైళ్లు వదిలేయకండి, ఆర్కైవ్‌నే తీసేసి సర్వర్ స్పష్టంగా ఎర్రర్ ఇచ్చేలా చేయండి. డొమైన్ పేరును మాత్రం ఆ తర్వాత కూడా కొన్నేళ్లు సంస్థ చేతిలోనే ఉంచండి.